పడుగుకి ఇవతలి పక్క

మొన్న మా మనవరాలు పదో తరగతి పరీక్షకి బయల్దేరుతుంటే ఇల్లంతా పెళ్ళివారి విడిదిలా ఉంది. పెరుగూ పంచదారా తినిపించేవాళ్ళొకరు, బొట్టు పెట్టేవాళ్ళొకరు, కారు గుమ్మంలోకి తెచ్చేవాళ్ళొకరు. పిల్లేమో విసుక్కుంటోంది. నేను పెరట్లో కుళాయి దగ్గర నా నేతచీరకి గంజి పెట్టుకుంటున్నాను. ఆ వాసన ముక్కుకి తగిలేసరికి పెడనలో మా వీధీ, నా స్కూల్ ఫైనల్ లెక్కల పరీక్షా కట్టకట్టుకుని వచ్చి కూర్చున్నాయి. ముసలాళ్ళకి అంతకన్నా పనేముంటుంది లెండి.

మాది మగ్గాల వీధి. పడుగంటే బట్టకి నిలువునా పడే పోగులు. తెల్లవారగానే వాటిని వీధి పొడుగునా సాగదీసి, గంజి పట్టించి, ఆరేదాకా ఇద్దరు మనుషులు చెరో పక్కా నిలబడి కుంచెలతో దువ్వుతూనే ఉండాలి. చెయ్యి ఆగిందా, పోగులన్నీ అట్టకట్టుకుపోతాయి. ఇక ఆ నెల ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవదు. దానికి సాయం రమ్మని మా వీధిలో ఎవర్నీ పిలవరు. పడుగు కనిపిస్తే చాలు, ఖాళీగా ఉన్నవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వచ్చి కుంచె అందుకుంటారు. పిలవడం నామోషీ. ఎవరూ రాకపోతే మాత్రం వెలేసినట్టే.

నాన్నకి ఎదురుగా ఎప్పుడూ అమ్మ నిలబడేది. నేను అయిదో ఫారంలో ఉండగా జ్వరమొచ్చి అమ్మ పోయింది. ఎదురింట్లో ఉండే మా మేనత్త, అంటే నాన్నకి అక్క, ఏడాది తిరక్కుండా నన్ను తన కొడుక్కి చేసుకుంటానంది. అందులో ఆవిడ తప్పేమీ లేదు. తల్లి పోయిన ఏడాదిలోపు ఆడపిల్లకి పెళ్ళి చెయ్యడం మంచిదని అందరూ అనేవారు. అసలు నోరే విప్పని నాన్న ఆ రోజు మాత్రం, పిల్ల ఆరో ఫారం, అంటే స్కూల్ ఫైనల్, అయ్యేదాకా ఆ మాట ఎత్తద్దన్నాడు, వాళ్ళమ్మ కోరిక అదేనన్నాడు. అత్తకి కోపం ముక్కుమీదే ఉండేది. ఇక మీ గడప తొక్కనంది. ఆవిడకి ఎదురాడే దమ్ము ఆ వీధిలో మగాళ్ళకే లేదు, ఆడవాళ్ళకి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ తర్వాత మా పడుగు మీద మరో చెయ్యి పడలేదు. అమ్మ చోట్లో నేను నిలబడ్డాను. అటు నాన్న, ఇటు నేను, మధ్యన పోగులు. అందరూ మా పక్కనుంచే వెళ్ళేవారు, ఎవరికీ మేము కనపడేవాళ్ళం కాదు. అమ్మ పోయిన రోజున కూడా నాకంత ఒంటరిగా అనిపించలేదు. చదువంటారా, రాట్నం తిప్పుతూ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చదివిందే.

బందరు వెళ్ళి రాయాల్సిన లెక్కల పరీక్షకి ముందు మబ్బులు పట్టి పడుగు పని వెనకబడింది. పరీక్షనాడు తెల్లారేసరికి ఆకాశం తేటగా ఉంది. రైలుబండి వేళకి అయిపోతుందిలే అని నాన్న, అయిపోతుందిలే అని నేను. తీరా గంజి పట్టించాక సముద్రం వైపు నుంచి మబ్బెక్కింది. పోగులు ఆరవు. గుడివాడ నుంచి వచ్చే బందరు బండి కూత దూరంగా వినపడింది. నేను కుంచె వదల్లేదు. చదువు పోతే పోయింది, నాన్నని ఒక్కణ్ణే ఎలా వదలను? నాన్న పడుగు చుట్టూ తిరిగి నా పక్కకొచ్చి కుంచె లాక్కున్నాడు.

“పడుగు పోతే ఇంకోటి పోసుకుంటాను. నువ్వెళ్ళమ్మా” అన్నాడు.

పరిగెత్తాను. వీధి మలుపులో తిరిగి చూస్తే, ఈ పక్క కాసేపు దువ్వి ఆ పక్కకి పరిగెడుతున్నాడు, మళ్ళీ ఈ పక్కకి. అత్త అరుగు మీద చేతులు కట్టుకుని చూస్తోంది. ఆవిడ మీద నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. బండిలో ఏడుస్తూనే ఉన్నాను. చేతులైనా కడుక్కోలేదేమో, పరీక్ష హాల్లో కాగితం వేళ్ళకి అంటుకుంటుంటే ఎండిన గంజి గోళ్ళతో గీక్కుంటూ రాశాను.

ఇంటికొచ్చేసరికి వీధి ఖాళీ. పడుగు చుట్టి లోపల పెట్టి ఉంది. వేలితో కదిపి చూశాను, పోగుకి పోగు విడిగా ఉంది. నాన్న గడ్డంతో ఎదురిల్లు చూపించాడు. నేను మలుపు తిరగ్గానే అత్త దిగొచ్చి నా చోట్లో నిలబడిందట. పనయ్యేదాకా అక్కా తమ్ముడూ ఒక్క మాట అనుకోలేదట. వెళ్ళాను. పప్పు రుబ్బుతున్న అత్త తలెత్తలేదు.

“ప్యాసైతే మా ఇంటికి కోడలిగా రావు కదే?” అంది.

“రానత్తా.”

“తెలుసు. పీటేసుకుని కూర్చో, తలకి నూనె రాస్తాను. తల్లి లేని పిల్లవని ఊరంతటికీ తెలియాలా ఏంటి?”

ఆ నూనె చెయ్యి నెత్తిన పడగానే, ఏడాదిగా దాచుకున్న ఏడుపంతా ఆవిడ ఒళ్ళో ఏడిచాను.

ప్యాసయ్యాను. టీచరు ట్రైనింగుకి బందరు, ఆనక దివిసీమలో ఉద్యోగం. బావకి పామర్రు పిల్లని చేశారు. అత్తకి కాళ్ళు పట్టేసేదాకా నాన్నకి ఎదురుగా ఆవిడే నిలబడింది, ఆ తర్వాత నాన్న మగ్గం ఎక్కలేదు. నా చదువు నన్ను ఒడ్డున పడేసింది, నాన్నని ఒంటరివాణ్ణి చేసింది. ఆ పడుగుతో నేసిన చీరలు ఎవరు కట్టుకున్నారో, ఎప్పుడు చిరిగి మసిగుడ్డలయ్యాయో. ఇన్నేళ్ళొచ్చినా, చేతికి గంజి అంటితే చాలు, ఆ బండి కూత వినిపిస్తుంది. వెళ్ళనా, ఉండనా అని నా కాళ్ళు ఆ వీధిలోనే ఇంకా తచ్చాడుతుంటాయి.