టికెట్టు తప్ప అన్నీ అడిగే బాబాయి

రైల్లో టికెట్టు అడగడానికి జీతం తీసుకుంటూ, టికెట్టు తప్ప మిగతావన్నీ అడిగే మనిషి ఈ భూప్రపంచంలో ఒక్కడే ఉన్నాడు. ఆయన కోటు బాబాయి. అసలు పేరు ఉద్యోగంలో చేరిన రోజున ఆఫీసువాళ్లు రాసుకునే ఉంటారు, ఆ తర్వాత దానితో ఎవరికీ పని పడలేదు. నల్లకోటు బోగీ గుమ్మంలో కనపడగానే "బాబాయి వచ్చాడు, జరగండి జరగండి" అని జనం చోటిచ్చేవారు. అక్కడే వచ్చింది చిక్కు. చోటిస్తే బాబాయి కూర్చునేవాడు. కూర్చుంటే ఇక అంతే సంగతులు.

"ఎక్కడిదాకా అండీ?" అని మొదలుపెట్టేవాడు. ఇంతవరకూ బాగానే ఉంది, ఏ టికెట్ కలెక్టరైనా అదే అడుగుతాడు. బాబాయి రెండో ప్రశ్న "ఎందుకూ?" అని ఉండేది. చెల్లెలింటికండీ అని అవతలివాడు అన్నాడనుకోండి, బావగారు ఏం చేస్తారు, మీకూ ఆయనకూ పడుతుందా అని ఆరా. "పడదండీ" అన్నాడా, బోగీ బోగీ అంతా ఆ బావగారి మీద విచారణకి కూర్చునేది. కొందరు బావగారి పక్షం, కొందరు బావమరిది పక్షం. ఆఖరి స్టేషనులో రైలాగి ఇంజను కూడా విప్పేశాక బాబాయి ఉలిక్కిపడి, "అరెరే, టికెట్లు చూడలేదే!" అని లేచేవాడు. అప్పటికి బోగీలో ఆయనా, చీపురు పట్టుకున్న మనిషీ మిగిలేవారు. చీపురాయన్ని టికెట్ అడిగితే బాగుండదని దిగిపోయేవాడు.

రోజూ టికెట్ కొనుక్కుని ఎక్కే ఒక తాతగారికి ఈ వరస అస్సలు మింగుడుపడేది కాదు.

"బాబూ, ఒక్కసారి నా టికెట్ చూడవయ్యా. కొన్నందుకు తృప్తయినా ఉండద్దూ?"

"అదెక్కడికి పోతుందండీ, జేబులోనేగా ఉంది! ముందు మోకాలి సంగతి చెప్పండి. డాక్టరు ఏమన్నాడు?"

మోకాలి మాటెత్తితే తాతగారికి టికెట్టే కాదు, దిగాల్సిన స్టేషను కూడా గుర్తుండేది కాదు. అలా రెండుసార్లు ఆఖరి స్టేషనుదాకా వెళ్లి, వెనక్కి రావడానికి మళ్లీ టికెట్ కొనుక్కున్నాడు. దాన్నీ ఎవరూ చూడలేదు.

ఇంట్లో ఆయన భార్య పోరు వేరు. "ఇవాళైనా ఒక్క టికెట్ చూశారా?" అని గుమ్మంలోనే నిలేసేది.

"చూశానే! ఒకాయన చదివే పుస్తకంలో గుర్తు కోసం పెట్టుకున్నాడు."

"ఎక్కడిదాకా ఉందో చూశారా?"

"ఆ, కథ సగందాకా వచ్చింది. భలే పుస్తకంలే!"

టికెట్లకు చిల్లు పెట్టమని రైలువాళ్లిచ్చిన మిషను ఆవిడ అధీనంలోకి ఎప్పుడో వెళ్లిపోయింది. వీధిలో ఎవరు లావైనా, ఎవరు చిక్కినా బెల్టు పట్టుకుని ఆవిడ దగ్గరికే వచ్చేవారు. ఆ మిషను పుట్టి బుద్ధెరిగాక చిల్లు పెట్టినవన్నీ బెల్టులే.

ఈ బాబాయికి ఒక మేనకోడలు. అక్కగారి కూతురు. చిన్నప్పుడు బళ్లో ఎవరైనా రైలు మాటెత్తితే "అది మా మామయ్యది" అని చెప్పుకునే పిల్ల. ఆ గర్వంతోనే చదివి, పరీక్ష రాసి, తనూ టికెట్ కలెక్టరయింది. ఉద్యోగం ఆ ఊళ్లోనే కాబట్టి మామయ్యగారింట్లోనే మకాం. మొదటి రోజు కొత్త కోటు వేసుకుని ఆఫీసులో అడుగుపెట్టిందో లేదో, ఒక సీనియర్ పలకరించాడు.

"ఏమ్మా, నువ్వు కోటు బాబాయి మేనకోడలివటగా?"

"అవునండీ!" అంది తలెత్తి.

"అయితే టికెట్లు చూడటం ఎవరి దగ్గర నేర్చుకుంటావు తల్లీ?"

గది గదంతా గొల్లుమంది. పిల్లకి తల కొట్టేసినట్టయింది. ఆ రోజే పంతం పట్టింది. ఏడాది తిరిగేసరికి ఆమె ఎక్కిందంటే టికెట్ ఉన్నవాళ్లకి కూడా చెమటలు పట్టేవి. మనిషి నడక చూసి జేబులో టికెట్ ఉందో లేదో చెప్పేసేది. ఏడ్చినా వదలదు, బతిమాలినా వదలదు అని పేరొచ్చి, తనిఖీ స్క్వాడ్‌లోకి తీసుకున్నారు. అయినా ఇంటికొచ్చాక మామయ్య చెప్పే కబుర్లకి పొట్ట పట్టుకుని నవ్వేది, నవ్వాక బాధపడేది. ఇంత మంచి మనిషిని ఊరంతా పనికిరానివాడు అంటుంటే ఆమెకి కడుపు రగిలిపోయేది.

అలా ఉండగా స్క్వాడ్‌కి కొత్త ఆఫీసరు వచ్చాడు. సన్నగా, నిటారుగా, నవ్వుకి కూడా అనుమతి కావాలన్నట్టు ఉండే మనిషి. వస్తూనే ఆమెను పిలిచాడు.

"పొద్దుటి పాసింజరు బండిలో ఏళ్ల తరబడి ఒక్క జరిమానా పడలేదు. టికెట్ లేనివాళ్లకి ఆ బండి పుట్టిల్లయినట్టుంది."

"సార్, అందులో డ్యూటీ మా మామయ్యది."

"తెలుసు. అందుకే నువ్వూ వస్తున్నావు. రేపు మొదటి స్టేషనులో మామూలు బట్టల్లో ఎక్కి, ఆయనేం చేస్తాడో చూడు. పెద్ద స్టేషను దాటగానే మేము తనిఖీ మొదలుపెడతాం. టికెట్ లేనివాడు ఒక్కడు దొరికినా చాలు, ఆయన్ని బండి దింపి పార్సిల్ గదికి వేసేస్తాను. ఇంట్లో ఒక్క ముక్క చెప్పకు."

పార్సిల్ గది అంటే నాలుగు గోడలూ, మూటలూ, చెక్కపెట్టెలూ. మూటని "ఎక్కడిదాకా" అని అడగక్కర్లేదు, దాని మీదే రాసి ఉంటుంది. "ఎందుకూ" అంటే చెప్పదు. మామయ్య అక్కడ పట్టుమని పది రోజులు బతకడని మేనకోడలికి తెలుసు. ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆయన ఎవరిదో తప్పిపోయిన పిల్లి కథ చెబుతుంటే ఆమెకి ముద్ద దిగలేదు.

మర్నాడు శాలువా తలమీదుగా కప్పుకుని కిటికీ పక్కన కూర్చుంది. ఆ దారిలో చిన్న స్టేషన్లంటే ఒక రేకుల షెడ్డూ, ఒక బెంచీ. టికెట్లమ్మే కిటికీ రెండు చివరలా కాక, మధ్యలో పెద్ద స్టేషనులో తప్ప ఎక్కడా లేదు. టికెట్ లేకుండా రైల్లో దొరికితే జరిమానాతో సహా కట్టాలి. తమంతట తాము పెద్ద స్టేషనులో దిగి కొనుక్కుంటే, ఎక్కిన చోటు నుంచి మామూలు ధరకే ఇస్తారు. ఈ రెండో సంగతి చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లకి రైలు వెళ్లిపోతుందేమోనని భయం. మేనకోడలు వేసిన జరిమానాల్లో సగానికి సగం అలాంటివాళ్ల మీద వేసినవే.

నాలుగు చిన్న స్టేషన్లు దాటేసరికి బోగీలో ఆమె కంటికి ఐదారుగురు ఇట్టే దొరికిపోయారు. పేపరు తలకిందులుగా పట్టుకున్న ఒకాయన, నిద్ర నటిస్తున్న కాలేజీ అమ్మాయి, తలుపు దగ్గర చంటిపిల్లనీ మూటనీ పట్టుకుని నేలమీద కూర్చున్న తాపీమేస్త్రీ భార్య. 'అయిపోయింది. మామయ్య పని అయిపోయింది' అనుకుంది.

ఇంతలో రైలు ఇంకో చిన్న స్టేషనులో ఆగింది, ప్లాట్‌ఫాం మీంచి కేక. "టికెట్లు! టికెట్లు సిద్ధంగా పెట్టుకోండి! వచ్చేస్తున్నా!" దారిన పోయేవాళ్లు కూడా జేబులు తడుముకునేంత కేక. ఆ తర్వాత తీరిగ్గా బాబాయి ఎక్కాడు. గుమ్మంలో నిలబడి బోగీని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒక్క చూపు చూశాడు. మేనకోడలు ఉలిక్కిపడింది. తను రోజూ చూసే చూపే అది! పేపరాయన దగ్గర ఆగింది, కాలేజీ అమ్మాయి దగ్గర ఆగింది, చంటిపిల్ల తల్లి దగ్గర ఇంకాస్త ఆగింది. ఒక్కరినీ వదల్లేదు.

అంతా చూసిన మనిషి, వాళ్లందరికీ దూరంగా రెండో చివరికి నడిచి, తాతగారి పక్కన చతికిలబడ్డాడు. "మోకాలు ఎలా ఉందండీ?"

స్టేషన్లు దాటుతున్నాయి, మోకాలు మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది. పెద్ద స్టేషను దగ్గర పడుతుండగా బాబాయి గొంతు ఉన్నట్టుండి బోగీ అంతా వినపడేలా పెరిగింది.

"తాతగారూ! వచ్చేది పెద్ద స్టేషను. టికెట్ల కిటికీ ఈ ప్లాట్‌ఫాం మీదే, నీళ్ల కుళాయి పక్కన. ఎక్కిన చోటు నుంచి రాసిస్తారు, మామూలు ధరే. రైలు వెళ్లిపోతుందని భయపడక్కర్లేదు, నేను కిందే ఉంటాను!"

"నాకెందుకయ్యా చెబుతావు? నా దగ్గర టికెట్ ఉందని మొత్తుకుంటున్నానుగా!"

"ఊరికే చెప్పానులెండి."

రైలాగింది. పేపరాయన పేపరు వదిలేసి దిగాడు. కాలేజీ అమ్మాయికి హఠాత్తుగా మెలకువ వచ్చింది. వేరే బోగీల్లోంచి కూడా జనం బిలబిలమంటూ కుళాయి వైపు పరుగు. కిటికీలో ఆవిడ "తోసుకోకండి, బాబాయి ఉన్నాడుగా!" అని అలవాటైన గొంతుతో అంటోంది. బాబాయి మాత్రం గార్డు భుజం మీద చెయ్యివేసి ఎవరిదో పెళ్లి కథ మొదలుపెట్టాడు.

"వదలవయ్యా, జెండా ఊపాలి," అన్నాడు గార్డు.

"ఊపుదువుగానిలే. అసలు సంగతి చెప్పనేలేదు. పెళ్లికొడుకు పీటల మీంచి లేచి పోయాడా..."

"ఆ?"

"పోతూ పోతూ ఏమన్నాడో తెలుసా..."

బాబాయి కళ్లు గార్డు మీద లేవు. వరుసలో ఆఖరున నిలబడ్డ చంటిపిల్ల తల్లి మీద ఉన్నాయి. ఆమె టికెట్ అందుకుని, పిల్లని చంకనేసుకుని, రొప్పుతూ వచ్చి ఎక్కింది. ఆ క్షణంలోనే బాబాయి, "సరే, మిగతాది రేపు చెబుతా, ఊపు ఊపు," అనేశాడు.

"అదేమిటయ్యా! పెళ్లికొడుకు ఏమన్నాడు?"

"ఏదో అనే ఉంటాడు. ఊపు!"

గుమ్మంలోంచి చూస్తున్న మేనకోడలికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఇన్నాళ్లూ ఊరంతా నవ్విన ఆ వాగుడు ఇంత పని చేస్తోందని ఇంట్లో ఉండి కూడా కనుక్కోలేకపోయింది. ఆమె గుండె గర్వంతో నిండిపోయింది. అంతలోనే ఆఫీసరూ, ఆయన మనుషులిద్దరూ ఎక్కారు.

తనిఖీ మొదలైంది. పేపరాయన టికెట్ చూపించాడు. కాలేజీ అమ్మాయి చూపించింది. చంటిపిల్ల తల్లి చూపించింది. మోకాలి తాతగారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "చూడండి బాబూ, తాపీగా చూడండి. వెనక్కి తిప్పి కూడా చూడండి!" పక్క బోగీ చూశారు, అక్కడా ఒక్కడు లేడు. ఆఫీసరు మొహం చిన్నబుచ్చుకుని మళ్లీ మొదటి బోగీకి వచ్చాడు.

"ఏమయ్యా, నువ్వు ఒక్క టికెట్ చూడవట. వీళ్లందరి దగ్గరా ఎలా ఉన్నాయి?"

"మర్యాదస్తులండీ మా బండివాళ్లు," అన్నాడు బాబాయి, తన కన్నపిల్లలకి మార్కులొచ్చినట్టు ఛాతీ విరిచి.

ఆఫీసరు మేనకోడలి వైపు తిరిగాడు. "నువ్వు చూసింది చెప్పు."

నిజం చెబితే మామయ్యకి పార్సిల్ గది. అబద్ధం తన నోట రాదు. శాలువా తీసేసి నిలబడింది.

"టికెట్ లేనివాళ్లు ఉన్నారు సార్. మామయ్య ఎక్కగానే అందరినీ గుర్తుపట్టారు. అడగలేదు. కిటికీ ఎక్కడుందో చెప్పారు. వాళ్లు కొనుక్కునేదాకా గార్డుని కబుర్లతో ఆపారు. నేను జరిమానా వేసినవాళ్లు మర్నాడు నన్ను చూసి ఇంకో బోగీ ఎక్కుతారు సార్. మామయ్య బండివాళ్లు వాళ్లంతట వాళ్లు టికెట్ కొంటారు. ఈయన మేనకోడల్ని అని చెప్పుకోవడానికి నాకు ఇవాళ ఉన్నంత గర్వం ఎప్పుడూ లేదు."

"నిబంధన ప్రకారం టికెట్ లేకుండా ఎక్కడమే తప్పు," అన్నాడు ఆఫీసరు, కాస్త మెత్తగా.

"మా స్టేషన్లో కిటికీ లేదు బాబూ. ఎక్కకుండా ఎక్కడ కొనాలి?" అంది చంటిపిల్ల తల్లి.

ఆఫీసరు అటూ ఇటూ చూశాడు. బాబాయి పక్కకి జరిగి చోటిచ్చాడు. "నిలబడే ఉన్నారు, కూర్చోండి సార్. ఎక్కడిదాకా?"

"ఆఖరుదాకా."

"మొహం పీక్కుపోయిందేం? నిద్ర సరిగ్గా ఉండటం లేదా?"

స్క్వాడ్‌లో చేరాక రైల్లో ఆయన్ని ఎవరూ ఏదీ అడగలేదు కాబోలు. కూర్చున్నాడు. "మా అబ్బాయి డ్రమ్ములు నేర్చుకుంటున్నాడయ్యా," అన్నాడు నీరసంగా.

"ఇల్లెన్ని గదులు?"

"రెండే."

"అయ్యో! ఏ గదిలో వాయిస్తాడు?"

"ఏ గదిలో వాయిస్తేనేం, రెండింట్లోనూ వినపడుతుంది."

బోగీ అంతా అయ్యో అంది. డ్రమ్ముల్లో దుప్పటి కుక్కమని పేపరాయన, దుప్పటికి ఆగదు పరుపు కావాలని తాతగారు. "సార్, మిగతా బోగీలు..." అని మనుషులిద్దరూ గొణిగితే, "ఉండండయ్యా, పరుపంటున్నారు!" అని ఆఫీసరు కసురుకున్నాడు. ఆఖరి స్టేషనులో ఇంజను విప్పుతున్న చప్పుడుకి ఉలిక్కిపడి లేచాడు. చుట్టూ చూసి, దగ్గి, నిటారుగా అయ్యాడు.

"చిన్న స్టేషన్లలో కిటికీలు పెట్టమని నేను పైకి రాస్తాను. అవి వచ్చేదాకా నీ పద్ధతి నువ్వు కానియ్. నేను చూడలేదు," అని దిగి, మళ్లీ వెనక్కి తిరిగి, "రేపు ఇదే బోగీయేనా?" అని అడిగి వెళ్లిపోయాడు.

ప్లాట్‌ఫాం మీద మేనకోడలు మామయ్య చెయ్యి పట్టుకుంది.

"నేను ఎక్కింది మీరు చూడలేదు కదూ?"

"ఎక్కినప్పుడే చూశానే. శాలువా కప్పుకుంటే మేనకోడలు కాకుండా పోతుందా?"

"స్క్వాడ్ వస్తోందని తెలిసీ అలాగే చేశారా? ఉద్యోగం పోతేనో!"

"పోతే పోయేది. చంటిపిల్లతో ఆవిడ వరుసలో ఉంటే జెండా ఎలా ఊపనిస్తానే?"

"పార్సిల్ గదికి వేసేవారు మామయ్యా!"

బాబాయి మొహంలో మొదటిసారి రంగు మారింది. "పార్సిల్ గదికా? అక్కడ మనుషులుండరుగా!" అని కోటు గుండీ విప్పుకుని గాలి పీల్చుకున్నాడు.

"నేను ఉన్నదున్నట్టు చెప్పేశాను. కోపం వచ్చిందా?"

"అబద్ధం చెప్పుంటే వచ్చేది," అన్నాడు. అంతలో ఎదురుగా వస్తున్న కూలీని చెయ్యి పట్టి ఆపేశాడు. "ఇదిగో, ఈవిడ ఎవరనుకున్నావు? మా మేనకోడలు! అంత పెద్ద ఆఫీసరు ముందు నిలబడి, సొంత మామయ్యనని కూడా చూడకుండా నిజం చెప్పేసింది!" కూలీ అయ్యాక టీ కొట్టువాడు, టీ కొట్టువాడయ్యాక చీపురాయన. ఒక్కొక్కరికీ మొదటి నుంచి.

"ఇక ఇంటికి పదండి మామయ్యా, అత్తయ్య చూస్తుంటుంది," అని కోటు పట్టుకు లాగింది మేనకోడలు.

"ఉండవే, స్టేషన్ మాస్టరుగారికి ఇంకా చెప్పనేలేదు!"