ఫైనల్ లెసన్‌కి రావద్దనిపించుకున్న పిల్ల

భాగ్యరేఖ బీ.ఎడ్. రెండో ఏడు చదువుతోంది. భిలాయ్ పక్కన జాముల్‌లోని ఒక సర్కారు హిందీ మీడియం బడిలో నాలుగు నెలలు పాఠాలు చెప్పాలి. ఆఖర్న కాలేజీ సార్ వచ్చి వెనక బెంచీలో కూర్చుని ఒక్క పాఠం వింటాడు. దాని పేరు ఫైనల్ లెసన్. నాలుగు నెలల చాకిరీ ఒక ఎత్తు, ఆ అరగంట ఒక ఎత్తు. అందుకే ట్రైనీలు ఏనాటినుంచో ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఏ ప్రశ్న ఎవర్ని అడగాలో ముందే అనుకుని, జవాబులు బట్టీ పట్టించి, తడబడే పిల్లల్ని ఆ పూటకి ఇంటి దగ్గరే ఉండమంటారు. నలుగురితో నారాయణ! ఇది తప్పని అనడానికి ఒక్కరికీ నోరు రాలేదు.

ఆమె చెప్పే ఆరో తరగతిలో అమ్ము అనే పిల్ల ఉండేది. తండ్రి సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలి. శ్రీకాకుళం నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు, హిందీ పట్టుబడలేదు. ప్రశ్న అడిగితే లేచి తెలుగులో చెప్పేది, క్లాసంతా గొల్లుమనేది. భాగ్యరేఖ భిలాయ్‌లోనే పుట్టిపెరిగింది. ఇంట్లో అమ్మానాన్నలతో మాట్లాడే ఆ కాస్త తెలుగుతోనే పిల్లకి పాఠం విడమరిచి చెప్పింది. ఇక ఆ పిల్ల తన దీదీని, అదే టీచరక్కని, వదిలితే ఒట్టు. "మీరు మా బాస మాటాడతారు దీదీ" అని నలుగురికీ వినపడేలా గర్వపడేది.

ఫైనల్ లెసన్ ముందురోజు భాగ్యరేఖ అమ్ముని వరండాలోకి పిలిచింది.

"రేపు రావద్దు అమ్ము. పెద్ద సార్ వస్తున్నారు. ఆయన వెళ్లిపోయాక నేనే పిలుస్తాను."

"ఎప్పుడు పిలుస్తారు దీదీ?"

"పిలుస్తాను కదా, వెళ్లు."

ఎందుకు రావద్దో ఆ పిల్ల అడగలేదు. అడిగి ఉంటే భాగ్యరేఖకి కాస్త సిగ్గయినా వేసేది.

మర్నాడు అయస్కాంతాల పాఠం అదిరిపోయింది. బట్టీ పట్టిన చేతులన్నీ ఒక్కసారి లేచాయి. సార్ యాభైకి నలభయ్యారు వేశాడు. ఆ తర్వాత చార్టులు, ఫైళ్లు, సంతకాల కోసం తిరుగుళ్లు; మళ్లీ క్లాసు మొహం చూసింది లేదు. మూడు వారాలు గడిచాయి. అమ్ముని పిలవాలన్న సంగతి ఆమె మరిచిపోయింది. దీనికి ఇంతకంటే మర్యాదైన మాట వెతకడం కూడా పాపమే.

ట్రైనింగు ఆఖరి రోజున హాజరుపట్టీ హెడ్‌మాస్టరుకి అప్పగిస్తూ చూసుకుంది. అమ్ము పేరు పక్కన అన్నీ గైర్హాజర్లే. బడి వదలగానే అడ్రసు కనుక్కుంటూ పిల్ల ఇంటికి వెళ్లింది.

వాకిట్లో అమ్ము నాయనమ్మ పోలమ్మ బియ్యం ఏరుతోంది.

"అమ్ము బడికి రావడం లేదేంటండీ?" అంది భాగ్యరేఖ.

"మీరే కదమ్మా రావొద్దన్నారు! దీదీ పిలుస్తాదని పది రోజులు ఈ గుమ్మంలోనే కూకుంది. బువ్వక్కూడా లెగలేదు. బడోలికే అక్కర్లేని సదువు మనకేటని దాని బాబు పన్లో ఎట్టీసినాడు. ఆలమ్మతో కోహ్కాలో ఇళ్లకి ఎల్తంది, గిన్నెలు తోమడానికి."

"తప్పు పిల్లది కాదండీ, నాది. నా మార్కుల కోసం రావద్దన్నాను. రేపట్నుంచి పంపండి."

"పంపితే నువ్వు సూసుకుంటావా?"

రేపట్నుంచి ఆ బడి గేటు దాటే పని భాగ్యరేఖకే లేదు.

ఇంతలో అమ్ము తల్లి వెనకాల వచ్చింది. చేతివేళ్లు నాని, తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. దీదీని చూసి పరుగెత్తుకొచ్చింది. కోపం లేదు, నిష్ఠూరం లేదు.

"సార్ ఎల్లిపోనారా దీదీ?"

"వెళ్లిపోయారమ్మా" అంది భాగ్యరేఖ. తనూ వెళ్లిపోతున్నానని మాత్రం చెప్పలేదు.

పోలమ్మ చేట పక్కన పెట్టి మనవరాలి భుజం పట్టుకుంది. "మీ దీదీ వొచ్చి పిలిచీసింది కదే, ఇంకేటి? లోనకి రా. బువ్వ తిని తొంగో. రేపు పెందలాడే పన్లోకి ఎల్లాల."