మూత మాస్టారు

సలహాలిచ్చేవాళ్లు రైలుపెట్టెలో కూడా దొరుకుతారు. అడిగి తెలుసుకునేవాళ్లే అరుదు. కొత్త కంపెనీలవాళ్లకి బల్లలు అద్దెకిచ్చే ఆఫీసులో, కిటికీ పక్క కూర్చునే ఈ పెద్దాయన రెండో రకం. కొత్తగా కంపెనీ పెట్టినవాళ్లు ఎవరొచ్చినా, ముందు వాళ్ల ల్యాప్‌టాప్ మూత రెండు వేళ్లతో మెల్లగా దించుతారు. అందుకే అందరికీ మూత మాస్టారు. అరిగిన చెప్పులు, జేబులో పెన్సిల్ ముక్క.

నిన్న ఒకమ్మాయి వచ్చింది. దర్జీలు కొలతలు రాసుకోవడానికి యాప్ చేసింది. మర్నాడే పెట్టుబడిదారుతో మాటలు. ఆయన కాదంటే కంపెనీ ఇంకో నెల నడవదు.

"రేపు చూపించే స్లైడ్లు చూడండి మాస్టారూ."

"అవెక్కడికీ పోవులేమ్మా. నీ యాప్ వాడే దర్జీకి ఒక ఫోన్ కొట్టు."

స్పీకర్లో దర్జీ మొహమాటంగా నవ్వాడు. "యాప్ బంగారం తల్లీ! కానీ నా రెండు చేతులూ టేపు మీదుంటాయి. నేను అంకె చెప్తే రాసేది మా ఆవిడ. తనకి నువ్వెప్పుడూ చూపించలేదుగా? పుస్తకంలోనే రాస్తోంది."

ఆ అమ్మాయి ఫోనుకు అరచెయ్యి అడ్డం పెట్టింది. "రేపు ఆ పెట్టుబడిదారుకేం చెప్పను?"

"ఇదే చెప్పు. నాకిలాంటి మాట నా కంపెనీ మూసేశాక తెలిసింది. నీకు ఒకరోజు ముందే తెలిసింది."

పెన్సిల్ ముక్క ఆమె వైపు జరిపారు. ఆమె దాన్ని అందుకుని, ఫోను మీంచి చెయ్యి తీసింది.

"బాబాయ్, పిన్నికి ఒకసారి ఫోనిస్తారా?"