పానకంలో కూర్చున్న గురువు

శ్రీరామనవమికి మీరంతా పానకం తాగింటారు. నేను ఈసారి పానకంలో కూర్చున్నా! నవ్వండప్పా, నవ్వండి. ఆ రోజు మా సిరిగేరిలో నవ్వనోళ్లంటే గుళ్లో విగ్రహాలే. నా అనుమానం, అవి గూడా పెదవి బిగబట్టుకునే ఉన్నాయి.

మా ఊరి చెక్కభజనకు గురువు నేను. గురువంటే కాళ్లకు గజ్జెలు కట్టి, చెక్కలు వాయిస్తూ, అందరికంటే ముందు నిలబడి పాట ఎత్తుకునేవాడు. వాడెట్లా ఎగిరితే వెనకాల వరసంతా అట్లా ఎగరాల. మా నాయన తర్వాత ఆ తావు నాది. పాడె ఎక్కినప్పుడే దిగేదని ఊరంతా చెప్పుకొని తిరిగినా.

పండగ పొద్దున ఎర్రిస్వామి వచ్చినాడు. మా గుంపులో నా తర్వాత వాడే. వరసకు నాకు అల్లుడు.

"మామా, నువ్వు కుర్చీలో కూర్చోని పాడు. గంతులు నేను చూసుకుంటా."

"ఏందప్పా, నా తావు మీద కన్నేసినావా?"

"తావు మీద కాదు మామా, నీ నడుం మీద. యాడ ఇరుగుతాదోనని!"

లోపల్నుంచి మా ఇంటామె సావిత్రి అందుకుంది. "పోనీ ఆ చెవి మిషనన్నా పెట్టుకో. సిరుగుప్పలో కొన్నప్పట్నుంచి డబ్బాలోనే నిద్రపోతాండాది."

"నా చెవులకేమే? బాగానే ఉండాయి."

"ఇంతసేపు పిలిస్తే పలకలేదు. భుజం తడితే గానీ ఇటు తిరగలేదు. చానా బాగుండాయిలే!"

ఆడమనిషి మాటకు భజన ఆగుతుందా? మిషను ఇంట్లోనే వదిలి గుడికి పోయినా.

జనం ఇసకేస్తే రాలనట్టు ఉన్నారు. పాట ఎత్తుకున్నా. డోలు, చెక్కలు, గజ్జెలు, వాటితో కలిసి నా మోకాళ్లు గూడా టకటకమంటూ తాళం వేస్తాండాయి. వెనక్కి గంతులేసే అడుగొచ్చింది. ఒక గంతేస్తి. జనం చేతులూపుతూ అరుస్తాండారు.

"బేగ అజ్జా, బేగ!"

మాది సరిహద్దు కదప్పా, సగం కేకలు కన్నడంలోనే. బేగ అంటే తొందరగా అని. ఆహా, చూడు జనం నన్ను ఎట్లా కోరుకుంటాండారో! ఈ వయసులో ఇంకా స్పీడు కావాలంట! ఒళ్లు పొంగిపోయింది. జై శ్రీరామ్ అని ఇంకా జోరుగా వెనక్కి ఎగిరినా.

"బేగ! బేగ!" ఆడోళ్లు గూడా లేచి నిలబడినారు. సావిత్రి రెండు చేతులూ పైకెత్తి ఊపుతాంది. పెండ్లయినప్పట్నుంచి నా భజనకు ఆమె అంత హుషారు చూపింది లేదు. ఆమె కోసమని ఇంకో పెద్ద గంతేస్తి.

దబీమని కూర్చుండిపోయినా. పానకం గుండిగలో! నా కొలత తీసుకుని చేయించినట్టు సరిపోయింది. కాళ్లు బయట, నడుం బెల్లం నీళ్లలో. లేద్దామంటే మోకాళ్లు పట్టేసినాయి. దెబ్బ తగిలిందా అని అడిగినోడు ఒక్కడు లేడు. లోటాలు పట్టుకొని "ఇంగ మాకు పానకం యాడిది?" అని నన్నే అడుగుతాండారు.

నలుగురూ పట్టి లాగినాక, పరువు కోసం అన్నా, "ఆంజనేయుడు పూనినాడప్పా, ఒళ్లు తెలీలేదు."

ఎర్రిస్వామి నా పంచె పిండుతూ అన్నాడు, "ఆంజనేయుడు సముద్రం దాటినాడు మామా. నువ్వు గుండిగ గూడా దాటలేకపోతివి."

మరుసటి రోజు ఊరి గ్రూపులో వీడియో వచ్చింది. పడింది సరే, అంతకుముందు జనం నన్ను మెచ్చుకునింది విందామని, నా అంతట నేనే మిషను తీసి చెవిలో పెట్టుకున్నా. ఫోను దగ్గర పెట్టుకుంటే స్పష్టంగా ఇనపడింది.

"బేడ అజ్జా, బేడ! హిందె పానక ఐతి!"

వద్దు తాతా, వద్దు, వెనకాల పానకం ఉంది! ఊరంతా గొంతు చించుకుని వద్దంటే, నేను తొందరగా అనుకుని ఎగిరినా. ఒక్క అక్షరం తేడాకు గుండిగంత శిక్ష!

శనివారం గుళ్లో భజనకు గజ్జెలు నేనే తీసుకుపోయి ఎర్రిస్వామి చేతిలో పెట్టినా. పెట్టినా గానీ, నా వేళ్లు వదలడానికి కొంచెం సేపు పట్టింది. వాడు గూడా లాక్కోలేదు, పాపం, అట్లే నిలబడినాడు.

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నా. ఫ్యాను గాలి, కాళ్లకు నొప్పి లేదు. డోలు మోగింది, గంతులు మొదలైనాయి. ముందుండేవానికి వెనక వరస యాడ కనపడతాది? ఇన్నేండ్లలో మా వాళ్ల గంతు కళ్లారా చూసింది అదే మొదలు. ఎంత బాగా ఎగురుతాండారప్పా! కళ్లు చెమ్మగిల్లినాయి. ఇదే సుఖం, ఇట్లే ఉండాల అనుకుని, మిషను సరిచేసుకుని, మైకు అందుకుని పాట ఎత్తుకున్నా.

ఎవడప్పా ఈ గొంతు, రైసుమిల్లులో రాళ్లు పడినట్టు అని చుట్టూ చూసినా. ఎవడూ కాదు, నేనే.

ఇన్నేండ్లు దీన్ని విని గూడా గుడి వదిలి పోలేదంటే, రాముడు దేవుడేనప్పా. ఇంగ నాకు ఏ అనుమానమూ లేదు!