సువార్తక్క ఆపిన స్విచ్చి

ఇరవై ఏళ్లు దాటింది. ఈ మాట నా నోటి నుంచి ఒక్కసారి కూడా బయటికి రాలేదు. మా ఆవిడకు చెప్పలేదు. స్నేహితులకు చెప్పలేదు. నేను చేసిన తప్పును ఒకావిడ తనదే అనుకుని ఇన్నేళ్లుగా మోస్తోంది. ఆ సంగతి తెలిసి కూడా నా అన్నం నేను తింటున్నాను, నా నిద్ర నేను పోతున్నాను. పోతున్నానా? అదీ పూర్తి నిజం కాదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లయితే ఈపాటికే మాట మార్చేసి ఉండేవాణ్ని.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. పలాసలో కంప్యూటర్లు బాగుచేసేవాణ్ని. విశాఖలో ఆరు నెలలు, విండోస్ లాగే కంప్యూటరును నడిపే లినక్స్ నేర్చుకుని వచ్చాను. ఆ విద్య మా చుట్టుపక్కల ఇంకెవరికీ రాదు. టెక్కలి నుంచి కూడా కబురు పెట్టేవారు. తెలియని సంగతి ఎదురైనా తెలిసినట్టు తలాడించడం అప్పుడే అలవాటయింది.

కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానంలో ఒక చిన్న ఆసుపత్రి ఉండేది. పేరు రాయను. అక్కడి డాక్టరుగారు ఊరూరూ తిరిగి జనం రక్తం తీయించి, కిడ్నీల పరిస్థితి చెప్పే క్రియాటినిన్ అంకెను మనిషి మనిషికీ రాయించేవారు. ఒక్కసారి చూస్తే సరిపోదట. నిరుడు ఎంత, ముందటేడు ఎంత అని పక్కపక్కన పెడితేనే ఎవరికి జబ్బు మెల్లగా పెరుగుతోందో, ఎవర్ని వెంటనే విశాఖ పంపాలో తెలుస్తుందట. అలాంటివి మూడేళ్ల అంకెలు. వాటిని కంప్యూటరులో ఎక్కించింది ఒక్క మనిషి, ల్యాబులో పనిచేసే సువార్తక్క.

పూండి దగ్గర ఊరు ఆవిడది. నాకంటే పదేళ్లు పెద్ద. ప్రతి ఆదివారం బాప్టిస్టు చర్చిలో మొదటి వరసలో ఉండేది. సూదికి భయపడి జీడితోటల్లో దాక్కున్నవాళ్లను కూడా వెతికి పట్టుకుని, నవ్వించి, రక్తం తీసుకొచ్చేది. తర్వాత కుర్చీలో కూర్చుని ఒక్క వేలితో అంకెలు కొట్టేది. సముద్రపు గాలికి కంప్యూటరు పాడవుతుందని దానికో పాత చీర కప్పేది. నన్ను తమ్ముడూ అని పిలిచేది. ఎక్కించడం అయిపోయిన కాగితాలన్నీ గోనెసంచుల్లో కట్టి వరండాలో పెట్టారు. ఒక వానాకాలంలో అవన్నీ ముద్దైపోయాయి. ఇక ఉన్నదల్లా ఆ ఒక్క డిస్కే.

అందుకే డాక్టరుగారు భయపడి రెండో డిస్కు తెప్పించారు. అది కంప్యూటరుతో మాట్లాడటానికి కొత్త కంట్రోలర్ కార్డు కూడా వచ్చింది. రెండూ బిగించి, పాత డిస్కులో ఉన్నదంతా కొత్తదానిలోకి ఎక్కించాలి. ఇదీ పని. ఆ అంకెలు ఎప్పటికీ పోకుండా చూడమని నన్ను పిలిచారు. అరపూట చాలండి అన్నాను.

మూడు రోజులు పట్టింది.

ఆ కంప్యూటరును నడిపేదీ లినక్సే, అది కొత్త కార్డును గుర్తుపట్టలేదు. దానికి డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం కావాలి. పలాస ఇంటర్నెట్ సెంటరులో గంటల తరబడి కూర్చుని దాన్ని దించుకుని, ఫ్లాపీలో వేసుకుని బస్సెక్కితే, ఆసుపత్రికి వెళ్లేసరికి ఫ్లాపీ చదవడం లేదు. మళ్లీ పలాస. మళ్లీ బస్సు. ఈసారి చదివింది, కాని ఆ డ్రైవర్ ఆ కంప్యూటరులోని లినక్స్ వెర్షన్‌కు సరిపోనిది. సరిచేసి ఎక్కిస్తే కంప్యూటరు సగంలో ఆగిపోయి తెరనిండా అక్షరాలు చిమ్మింది. ఎన్నిసార్లు ఆపి మళ్లీ మొదలుపెట్టానో లెక్క లేదు. డాక్టరుగారు గుమ్మం దాకా వచ్చి, చూసి, ఏమీ అడక్కుండా వెళ్లిపోయేవారు. తిట్టినా బాగుండేది. నాకు చేతకావడం లేదండి, విశాఖ నుంచి ఇంకెవరినైనా పిలిపించండి అని ఆ రెండో రోజు సాయంత్రం అనగలిగితే ఎంత బాగుండేది. అనలేదు. ఎందుకనలేదు? లినక్స్ వచ్చినవాడు నేనొక్కణ్నే కదా.

మూడో రోజు పొద్దున పదకొండు గంటలకు, ఇంకేమీ తోచక, కొత్త కార్డు డ్రైవర్ పేరును పాతదాని కంటే పై వరసలో రాసి చూశాను. గుర్తుపట్టింది. రెండు డిస్కులూ కనిపించాయి. ఏడుపొచ్చింది నాకు. నిజంగానే కళ్లు తుడుచుకున్నాను.

ఇక్కడే ఒక సంగతి మీకు చెప్పాలి. మా లినక్స్‌లో డిస్కులకు పేర్లు పుట్టిన వరసలో వస్తాయి. ఏ డ్రైవర్ ముందు లేస్తే దాని డిస్కు ‘ఎ’, తర్వాత లేచినదాని డిస్కు ‘బి’. లినక్స్ ఉన్న డిస్కు వేరు, అది ఈ వరసలోకి రాదు. అప్పటిదాకా అంకెలున్న పాత డిస్కే ‘ఎ’. నేను వరస మార్చాను. కాబట్టి కొత్త ఖాళీ డిస్కు ‘ఎ’ అయింది, పాతది ‘బి’ అయింది. ఇది నాకు తెలియని విషయం కాదు. కోర్సులో మొదటి నెలలోనే చెప్పారు. ఆ క్షణంలో గుర్తు రాలేదు, అంతే. ‘బి’ అంటే కొత్తది అనుకున్నాను. దాన్ని వాడకానికి సిద్ధం చేయాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, అంటే అందులో ఏమున్నా చెరిపేయాలి.

హెచ్చరిక లేకుండా జరిగిందని చెప్పుకోవడానికి కూడా నాకు వీల్లేదు. కంప్యూటరు లేస్తున్నప్పుడు, అంకెల డిస్కు తెరుచుకోలేదని తెర మీద ఒక వరస కదిలి వెళ్లింది. చూశాను. చదవలేదు. ‘బి’ డిస్కులో సమాచారం పెట్టుకోవడానికి అప్పటికే ఒక భాగం చేసి ఉంది. కొత్త డిస్కులో అది ఉండదు. షాపువాళ్లు చేసి పంపారేమో అనుకున్నాను. మూడు రోజులు కష్టపడినవాడికి, అయిపోయిందన్న సంతోషంలో, కళ్లముందున్నది కూడా కనపడదా? కనపడిందేమో. నేనే చూడదలచుకోలేదేమో. ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఎంటర్ నొక్కాను. నిమిషం కూడా పట్టలేదు.

తర్వాత అంకెలు కాపీ చేద్దామని చూస్తే రెండు డిస్కులూ ఖాళీ. ఇంకోసారి చూశాను. తీగలు చూశాను. వరస చూశాను. అప్పుడు అర్థమైంది. గంటసేపు ఆ కుర్చీలోంచి లేవలేదు. అప్పుడే పరుగెత్తుకెళ్లి చెప్పి, డిస్కును తాకకుండా ఉంచితే, పెద్ద ఊళ్లో పనివాళ్లు కొంతయినా వెనక్కి తెచ్చేవాళ్లు. ఆ సంగతీ నాకు తెలుసు.

ఇంతలో కరెంటు పోయింది. యూపీఎస్ కూత మొదలుపెట్టింది. సువార్తక్క లోపలికొచ్చింది.

“తమ్ముడూ, ఇది తెగ గోల సేత్తంది. ఆపీమంటావేటి?”

తలూపాను. ఆవిడ స్విచ్చి ఆపింది.

కరెంటు వచ్చాక డాక్టరుగారు వచ్చారు. నా నోరు దానంతటదే మాట్లాడింది. “నడుస్తుండగా స్విచ్చి ఆపేశారండి. డిస్కు దెబ్బతింది,” అన్నాను. ఎవరు ఆపారో చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు, మళ్లీ వేయడానికి వచ్చిన ఆవిడ చెయ్యి స్విచ్చి మీదే ఉంది. హైదరాబాదు పంపిస్తే ఏమైనా వస్తుందా అని ఆయన అడిగారు. లాభం లేదండి అన్నాను.

నేను సామాను సర్దుకుంటుంటే వరండాలోకి ఆవిడ వచ్చింది.

“నా సెయ్యి వల్లేనా తమ్ముడూ?”

నేను స్క్రూలు ఏరుకుంటున్నాను.

“నిన్నడిగే గదా ఆపినాను. నువ్వు తలూపినావు గదా.”

“నానేదో ఆలోసనలో ఉన్నానక్కా. నువ్వడిగింది నాకు ఇనపళ్లేదు.”

ఆవిడ నా మొహంలోకి చాలాసేపు చూసింది. అబద్ధం పట్టుకుందనుకున్నాను. పట్టుకోవాలని కోరుకున్నాను కూడా.

“అయితే నానే సేసినాను,” అంది.

ఆ డిస్కును నా దగ్గర ఉంచుతానని చెప్పి నేనే ఇంటికి తెచ్చుకున్నాను. మర్నాడు విప్పి, లోపల అంకెలుండే పళ్లేల్లాంటి బిళ్లలను మేకుతో గీకేశాను. ఎవరైనా పరీక్ష చేయిస్తారేమోనని భయం. అంకెలు పోవడం అంతవరకూ పొరపాటే. మేకు పట్టుకున్నాక అది పొరపాటు కాదు.

రెండు వారాలకు వాళ్ల చర్చిలో మైకు సరిగా పనిచేయడం లేదని నన్నే పిలిచారు. ఆదివారం ఆరాధన జరుగుతుండగా వెనక గోడ దగ్గర ఆంప్లిఫయరు పక్కన నిలబడ్డాను. ఒక్కొక్కరు లేచి తమ సంగతి చెప్పుకునే సాక్ష్యాల సమయం వచ్చింది. సువార్తక్క లేచింది. “నాను తెలక సేసిన పనికి సానామంది రోగుల అంకెలు పోనాయి. ఆల్లకేదైనా అయితే ఆ పాపం నాదే. నా కోసం పార్దన సెయ్యండి,” అంది. మాట లోగొంతుకలో వస్తోంది, వెనక వరసలకు వినపడటం లేదు. నేను మీట తిప్పి శబ్దం పెంచాను. అవును, పెంచాను. అందరూ మోకాళ్లూనారు. నా తప్పుకు ఆవిడ ఒప్పుకోలు చెబుతుంటే, అది అందరికీ బాగా వినపడేలా చూసినవాణ్ని నేను.

బయటికి వచ్చాక నా దగ్గరికే వచ్చింది. మూడు దినాలు కట్టపడ్డావు, నీ కట్టమంతా నేలపాలు సేసినాను, ఏటనుకోకు అంది. నన్ను క్షమాపణ అడిగింది.

డాక్టరుగారు ఆవిడను పొమ్మనలేదు. తనే మానేసింది. కొత్తగా వచ్చినవాళ్లు అంకెలు మళ్లీ మొదటినుంచి రాశారు. ఎవరైనా కాళ్లవాపుతో వస్తే, వెనకటి అంకె ఎంతో చెప్పే దారి లేదు. వాళ్లలో ఎందరికి ఆలస్యమైందో నాకు తెలియదు. కనుక్కోలేదు. కనుక్కునే ధైర్యం లేదు. కొబ్బరితోటల మధ్య ఎక్కడైనా శవం లేస్తే, ఆ పేరు ఆ డిస్కులో ఉందా అని అనుకుంటాను.

పోయిన నెల పూండి స్టేషనులో ఆవిడ కనపడింది. జుట్టు పూర్తిగా నెరిసింది. ఊరి సంగతులూ పిల్లల సంగతులూ అయ్యాక, గొంతు తగ్గించి అడిగింది. “ఇపుడు పాత డిస్కుల్లోయి తిరిగి తెచ్చే మిసన్లు వొచ్చినాయంట గదా తమ్ముడూ. మనదానికి పనికొత్తాదేటి?”

ఇన్నేళ్ల తర్వాత ఇంకా అదే ఆలోచిస్తోంది. రాదక్కా అన్నాను. రైలొచ్చింది. ఎక్కేశాను.

ఆవిడకు చెప్పలేనిది మీకు చెప్పాను. దీనివల్ల నాకు క్షమ దొరుకుతుందనుకోవడం లేదు. మీరు ఇవ్వలేరు, అది మీ చేతిలో లేదు. రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది, అంతవరకే. ఆ ఊపిరి తీసుకోవడానికి కూడా సిగ్గుగానే ఉంది. అయినా ఒక్కసారైనా, ఎక్కడో ఒకచోట, ఇది ఉన్నదున్నట్టు రాసి ఉండాలి. అంకెలు చెరిపింది నేను. సువార్తక్క స్విచ్చి ఆపేసరికి ఆ డిస్కులో పోవడానికి ఏమీ మిగల్లేదు.