లక్ష్ముడి కాపలా

పని ఎగ్గొట్టడం ఒక విద్య అని ఒప్పుకునేవాళ్ళుంటే గవ్వలపేట లక్ష్ముడికి ఈపాటికి శాలువా కప్పి సన్మానం చేసుండేవారు. కోటబొమ్మాళి స్టేషన్లో దిగి, ఆటో ఎక్కి, రోడ్డు అయిపోయి ఇసక మొదలయ్యేదాకా తూర్పుకి పోతే వస్తుంది ఆ ఊరు. అక్కడ మగవాళ్ళు చేపల వేటకి పోతారు, లేదా గుజరాత్ పోయి అక్కడి బోట్ల మీద వేటాడతారు. లక్ష్ముడు రెండూ చెయ్యడు. కుర్రతనంలో అతనూ ఒకసారి గుజరాత్ వెళ్ళాడు గాని, వారం తిరక్కుండానే వెనక్కొచ్చేశాడు. అదేమిట్రా అంటే అక్కడి సముద్రం పడమటి వేపున్నాదని, పొద్దు నీళ్ళలోంచి పుట్టకపోతే తనకి పని చెయ్యబుద్ధి కాదని చెప్పాడు. గవ్వలపేటలో పొద్దు నీళ్ళలోంచే పుడుతుంది. కాకపోతే అది పుట్టే వేళకి లక్ష్ముడు లేవడు.

అలాగని అతన్ని చెడ్డవాడు అనడానికి లేదు. తాగడు, తగువులాడడు. ఎవరింట పెళ్ళైనా పిలవకుండానే పోయి పందిరి వేస్తాడు, అమ్మవారి పండక్కి రోజంతా డప్పు మోస్తాడు. అదే అతని భార్య దాలమ్మ చేపల తట్ట ఆటోలోకి ఎత్తిపెట్టమంటే మాత్రం వెంటనే నడుం పట్టేస్తుంది. పందిరి వేసినప్పుడు ఏమైంది నీ నడుం అని ఆవిడ అడిగితే, అతని దగ్గర శాస్త్రం సిద్ధంగా ఉండేది.

"ఒకులు సెప్తే సేసింది పని. మనంతట మనం సేసింది పని కాదు. నువ్వు సెప్పీసావు. ఇంక నానేటి సేసేది?" అనేవాడు.

చెప్పకుండా ఊరుకుంటే చెయ్యడు, చెబితే అది పనైపోతుంది. పాతికేళ్ళ కాపురంలో దాలమ్మ ఈ ముడి విప్పలేకపోయింది. చేపలమ్మి ఇల్లు నడిపింది, కూతురి పెళ్ళి చేసింది, మొగుడికి వేళకి కూడు పెట్టింది.

ఒకనాడు పొద్దెక్కాక ఊళ్ళోకి ఒక కొత్త మనిషి వచ్చాడు. భుజాన సంచి, ఒక కాలికి నల్ల చెప్పు, ఇంకో కాలికి నీలం చెప్పు. ఆ వేళకి మగవాళ్ళంతా సముద్రం మీద, ఆడవాళ్ళంతా బజారులో ఉంటారు గనక ఊరు మొత్తం మీద అతనికి కనిపించిన మనిషి అరుగు మీద పడుకున్న లక్ష్ముడొక్కడే.

"ఇది గవ్వలపేటేనా అన్నా? గంగన్న ఇల్లెక్కడ?" అన్నాడు.

"గంగన్న మా తాత. పోయి సానా కాలమైపోనాది. ఏటి పని?" అన్నాడు లక్ష్ముడు లేవకుండానే.

ఆ మనిషి ఇసకలో కూలబడి ఏడ్చేశాడు. తన తాత గంగన్నకి సొంత తమ్ముడట. ఆ రోజుల్లో ఓడెక్కి రంగం, అదే రంగూన్, వెళ్ళిపోయి అక్కడే ఉండిపోయాడట. ఆ తాత పేరే తనకీ పెట్టారు, పోతురాజని. బర్మాలో చేపలు పట్టుకు బతుకుతుంటే సైన్యం వచ్చి ఊరు తగలబెట్టింది. ఇల్లూ పడవా ఒకే పూట కాలిపోయాయి. అడవులు దాటి మిజోరం చేరి, రైళ్ళు మారి మారి, తాత చెప్పిన ఊరి పేరొక్కటి పట్టుకుని ఇక్కడికొచ్చాడు. అంతా విని లక్ష్ముడు లేచాడు. లోపలికి పోయి చద్దన్నం గిన్నె తెచ్చి అతని ముందు పెట్టాడు. ఎవరూ చెప్పలేదు గనక అది పని కాదు.

సంగతి ఊరిపెద్ద సూరయ్య చెవిన పడింది. పెద్దవల ఆయనదే. చట్టమంటే ఆయనకి తుపాను కంటే భయం, అందుకని వెంటనే పోలీసు స్టేషన్‌కి కబురు పెట్టాడు. మర్నాడు ఎస్.ఐ. ధనరాజ్ జీపు వేసుకుని వచ్చాడు. కుర్రాడే, మర్యాదస్తుడే. పోతురాజు చెప్పిందంతా విని, తల గోక్కుని, ఇలా తేల్చాడు.

"పైనుంచి సంగతి తేలేదాకా ఈయన ఈ ఊళ్ళోనే ఉండాలి. ఊరు దాటకూడదు. పని చెయ్యకూడదు. ఎవరైనా కూలికి పెట్టుకుంటే వాళ్ళ మీదా కేసవుతుంది."

లక్ష్ముడు చెవులు రిక్కించాడు. "సారూ, మళ్ళీ ఓపాలి సెప్పండి. పని సెయ్యకూడదా?"

"చెయ్యకూడదు."

"ఊరికే కూకోవాలా? ఇది గవర్మెంటే సెప్పినాదా?"

"అవునయ్యా."

లక్ష్ముడు దేవుణ్ణి చూసినట్టు పోతురాజుని చూశాడు. తరవాత గొంతు తగ్గించి, "సారూ, అలాటి ఆర్డరే నాకూ ఒకటి ఇప్పించగలరా?" అని అడిగాడు.

ఊరంతా గొల్లున నవ్వింది. ధనరాజ్‌కి నవ్వు రాలేదు. "ఎగతాళిగా ఉందా? ఈయన నీ ఇంట్లోనే కదా ఉంటున్నాడు. ఈయన పని చేసినట్టు నాకు తెలిసిందో, ముందు నిన్ను లోపలేస్తాను. నువ్వే కాపలా" అని జీపెక్కాడు.

ఆ విధంగా లక్ష్ముడికి జీవితంలో మొదటి ఉద్యోగం దొరికింది. ఒక మనిషి పని చెయ్యకుండా చూసుకోవడమే కదా, తనకంటే అనుభవజ్ఞుడు జిల్లాలో దొరకడనుకుని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

పొద్దున్నే చీపురు చప్పుడుకి మెలకువొచ్చింది. పోతురాజు వాకిలి ఊడుస్తున్నాడు. లక్ష్ముడు లుంగీ ఎగ్గట్టి పరిగెత్తాడు. "ఒరే తమ్ముడా, ఒగ్గీరా! నన్ను జైల్లో ఎట్టిస్తావేటి?" అని చీపురు లాక్కున్నాడు. సగం ఊడ్చిన వాకిలి చూడ్డానికి అసహ్యంగా ఉందని మిగతా సగం తనే ఊడ్చాడు. ఈలోగా పోతురాజు కుళాయి దగ్గర బిందె పట్టుకున్నాడు. బిందె లాక్కుని తనే నీళ్ళు మోశాడు. వెనక్కి తిరిగి చూస్తే ఆ మనిషి పక్కింటి అరుగు మీద చిరిగిన వల ఒళ్ళో వేసుకుని కుడుతున్నాడు.

పోతురాజు ఆగే మనిషి కాదు. చిన్నప్పట్నుంచీ చేతులు ఖాళీగా ఉంచుకోలేదు, ఉంచితే అవి వణికేవి. అతను గొడ్డలి వంక చూస్తే చాలు, లక్ష్ముడు ముందు పరిగెత్తి కట్టెలు కొట్టేసేవాడు. చేపల తట్ట వంక చూస్తే తట్ట ఎత్తి ఆటోలో పెట్టేసేవాడు. మధ్యాహ్నం కునుకు తీద్దామంటే అపనమ్మకం. రాత్రికి ఒళ్ళు హూనమై, మంచం మీద మూలుగుతూ, గవర్నమెంటు ఉద్యోగం ఇంత కష్టమని తెలీదే అనుకునేవాడు. దాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

"ఇన్నేళ్ళూ నాను మొక్కని దేముడు లేడు. ఆ దేముడు బర్మాలో ఉన్నాడని నాకేటి తెల్సును!" అని అమ్మలక్కలకి చెప్పుకుంది.

ఊళ్ళో వాదన వేరేగా నడుస్తోంది. సూరయ్య పాకలో పదిమంది చేరితే ఇదే మాట. గుజరాత్ నుంచి సెలవు మీద వచ్చిన బాబీ అందరికంటే గట్టిగా అరిచాడు. "బర్మావోల్లొచ్చి మన పన్లు సేసీస్తే మనమేటైపోవాలి మావా?"

"నువ్వు గుజరాత్‌లో ఎవుడి పని సేస్తన్నావురా?" అన్నాడు సూరయ్య.

"అది ఏరు. ఆల్లు పిలిస్తే ఎల్లేను నాను."

"ఈడ్ని నానూ పిలుద్దును. మీరంతా అక్కడ కూకుంటే ఇక్కడ నా వల తాడట్టుకోడానికి మనుసులేరి?" అని సూరయ్య ఒక్క క్షణం రెచ్చిపోయి, కేసు సంగతి గుర్తొచ్చి చుట్ట ముట్టించుకున్నాడు. దాంతో ఆ వాదన అక్కడే ఆగింది.

కాని ఇంట్లో నవ్వులాట ఎన్నాళ్ళో సాగలేదు. పోతురాజు తిండి తగ్గించేశాడు. మొదట రెండోసారి వడ్డించుకోవడం మానేశాడు, తరవాత మొదటిసారి వడ్డించింది సగం వదిలేయడం మొదలుపెట్టాడు. దాలమ్మ పీతల పులుసు పెట్టినా అంతే. బుగ్గలు లోపలికి పోయాయి. ఒక సాయంత్రం లక్ష్ముడు చూసేసరికి అతను సంచి సర్దుకుంటున్నాడు.

"ఎక్కడికిరా?" అన్నాడు లక్ష్ముడు.

"ఎనక్కి పోతానన్నా. వదిన ఎండలో తిరిగి తెచ్చిన కూడు నాను కూకుని తినలేను. గొంతు దిగట్లేదు. అక్కడైతే సైన్యం ఓపాలే సంపుతాది. ఇక్కడ రోజూ కంచం ముందల సస్తన్నాను."

పాతికేళ్ళుగా తన గొంతులో అదే కూడు సాఫీగా దిగుతున్న సంగతి లక్ష్ముడికి ఆ పూటే తెలిసొచ్చింది. సిగ్గేసింది. సంచి లాక్కుని తలకింద పెట్టుకుని పడుకున్నాడు గాని నిద్ర పట్టలేదు. వీడు పోతే చచ్చిపోతాడు, ఉంటే ఎండిపోతాడు. ఏం చెయ్యాలో తోచలేదు.

మర్నాడు కవళ్ళ చేపలు పడ్డాయి. ఒడ్డుకి అంత దగ్గరగా అంత పెద్ద గుంపు ఈమధ్య ఎవరూ చూడలేదు. సూరయ్య పెద్దవల వేయించాడు. పడవ మీద పోయి వలని సముద్రంలో అర్ధచంద్రంగా దింపుతారు. దాని రెండు కొసల తాళ్ళూ ఒడ్డున ఉన్నవాళ్ళు లాగుతారు. ఈ లాగుడికి ఆ ఊళ్ళో ఒక కట్టుబాటుంది. తాడు మీద ఎవరి చెయ్యి పడినా వాళ్ళకి చేపల్లో వాటా పడుతుంది. ఒకసారి పెళ్ళికొచ్చిన మగపెళ్ళివారి పెద్దమనిషి ఫోటో కోసం తాడు పట్టుకుంటే, ఆయన పట్టు కండువాలో చేపలు పోసి పంపించారు. వద్దంటే ఒప్పుకోరు. వాటా కాదంటే గంగమ్మకి కోపమొచ్చి మళ్ళీ వల నిండదని వాళ్ళ నమ్మకం.

ఉత్తరం తాడు దగ్గర మనుషులు చాల్లేదు. నీటి ఒరవడి వలని లోపలికి ఈడుస్తోంది. ముసలివాళ్ళూ ఆడవాళ్ళూ మడమలు ఇసకలో పాతుకుపోయేలా లాగుతున్నా తాడు జారిపోతోంది. సూరయ్య గుండె బాదుకుంటున్నాడు. పోతురాజు చూస్తూ నిలబడ్డాడు, చేతులు వణుకుతున్నాయి. లక్ష్ముడు అతని చొక్కా గట్టిగా పట్టుకున్నాడు. ఒక్క గుంజుడుకి చొక్కా చిరిగి లక్ష్ముడి చేతిలో ఉండిపోయింది, మనిషి పోయి తాడందుకున్నాడు.

"ఒరే! ఒగ్గీరా! కేసురా!" అని లక్ష్ముడు పరిగెత్తి పోతురాజు నడుం పట్టుకుని వెనక్కి లాగాడు. పోతురాజు తాడు వదల్లేదు. లక్ష్ముడు లాగిన కొద్దీ పోతురాజూ, పోతురాజుతో తాడూ, తాడుతో వలా వెనక్కి వస్తున్నాయి. "లాగురా లక్ష్ముడూ, లాగు!" అని జనం కేకలేశారు. తను దేన్ని లాగుతున్నాడో లక్ష్ముడికి అర్థం కాలేదు గాని, వదిలితే జైలని మరింత బిగించి లాగాడు.

సరిగ్గా అప్పుడే ధనరాజ్ జీపు ఆగింది. కాపలా ఎలా ఉందో చూసిపోదామని వచ్చిన మనిషి, ఈ దృశ్యం చూసి మండిపడి, "ఆపండి!" అంటూ ఇసకలో పరిగెత్తుకొచ్చి, లక్ష్ముడి నడుం పట్టుకుని తన బలమంతా పెట్టి వెనక్కి లాగాడు. మంచి కసరత్తు చేసిన ఒళ్ళు. ఆ ఒక్క లాగుడికి ఒరవడి ఓడిపోయింది. వల ఒడ్డుకొచ్చి పడింది. ఇసకంతా వెండిలా మెరిసిపోయింది, ముగ్గురూ ఒకరి మీద ఒకరు వెల్లకిలా పడ్డారు.

ధనరాజ్ టోపీ దులుపుకుని లేచాడు. "పని చేయించావు కదూ? ఇద్దరూ జీపెక్కండి" అన్నాడు.

సూరయ్య ఆ మాట వినిపించుకునే స్థితిలో లేడు. కట్టుబాటు ప్రకారం కుప్పలు పోస్తున్నాడు. పోతురాజుకొక కుప్ప, లక్ష్ముడికొక కుప్ప. చివర్న ధనరాజ్ బూట్ల ముందు ఇంకో కుప్ప పోసి దండం పెట్టాడు. "తమరి వాటా బాబూ."

"నాకెందుకు?"

"తమరూ లాగేరు గదా. కాదనకండి, గంగమ్మ కోప్పడతాది."

లక్ష్ముడి కళ్ళు వెలిగాయి. ఏది పనో ఏది కాదో అన్న విషయంలో పాతికేళ్ళు దాలమ్మతో వాదించి ఆరితేరినవాడు. ఇసకలోంచి లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సారూ, తాడు లాగడం పనైతే తమరు సూరయ్య మావ కాడ కూలి సేసినట్టే. తమరి మీదా కేసవుతాదేటి?"

"నేను మిమ్మల్ని ఆపడానికి లాగాను!"

"నానూ ఆడ్ని ఆపడానికే లాగేను. తమర్ని లాగమని ఎవులైనా సెప్పేరా? లేదు. నాకు సెప్పేరా? లేదు. మా తమ్ముడికి సెప్పేరా? అడగండి ఈ ఊరంతటినీ. ఒకులు సెప్తే సేసింది పని. మనంతట మనం సేసింది పని కాదు. కూలి ఇస్తామన్నోడు లేడు, రమ్మన్నోడు లేడు. గంగమ్మ వాటా ఇచ్చినాది, అంతే."

ధనరాజ్ చేపల కుప్ప వంకా, ఊరి వంకా, చొక్కా లేకుండా ఇసకలో కూర్చున్న పోతురాజు వంకా చూశాడు. పోతురాజు రెండు చేతులతో తన కుప్పని పొదివి పట్టుకుని ఉన్నాడు, వణుకు లేదు.

"నేను చెప్పింది కూలి గురించి. వాటా గురించి నేనేమీ చెప్పలేదు" అన్నాడు ధనరాజ్ చివరికి. డ్రైవర్ని పిలిచి సంచీ తెమ్మన్నాడు.

ఆ సాయంత్రం పోతురాజు తన వాటా కవళ్ళు దాలమ్మ చేతిలో పోశాడు. ఆవిడ పులుసు పెట్టింది. కంచం నాకినట్టు తిని, "ఇంకొంచెం ఎట్టు వదినా" అన్నాడు. దాలమ్మ వడ్డిస్తూ కళ్ళు తుడుచుకుంది. లక్ష్ముడు తన ముద్ద తినడం మానేసి ఆ మనిషి తినడమే చూస్తూ కూర్చున్నాడు.

పడుకునే ముందు దాలమ్మ పోతురాజుని పక్కకి పిలిచి ఏదో చెప్పింది. తెల్లారుజామున లక్ష్ముడు కళ్ళు తెరిచేసరికి మంచం పక్కన పోతురాజు నిలబడి ఉన్నాడు. లే అనలేదు, రా అనలేదు. దాలమ్మ చెప్పొద్దంది మరి. లక్ష్ముడు అటు తిరిగి పడుకున్నాడు. పోతురాజు అటొచ్చి నిలబడ్డాడు. దుప్పటి ముసుగేశాడు. ముసుగులోంచి కూడా ఆ మనిషి నిలబడే ఉన్నట్టు తెలుస్తోంది.

కాసేపు చూసి లక్ష్ముడు లేచి కూర్చున్నాడు. "నన్నెవులూ సెప్పలేదు, గుర్తెట్టుకో" అని లుంగీ బిగించి కట్టుకున్నాడు. ఇద్దరూ ఒడ్డుకి నడిచేసరికి పొద్దు నీళ్ళలోంచి పుడుతోంది. లక్ష్ముడు దాన్ని చూడ్డం అదే మొదటిసారి.