మా ఆయన వైపు గిరాకీ

మా బట్టల దుకాణంలో గిరాకీలను మేమిద్దరం పంచుకున్నాం. నోరున్నవాళ్లు నా వైపు, నోరు విప్పనివాళ్లు మా ఆయన వైపు. కూర్చుని ఒప్పుకున్నదేమీ కాదు. పెళ్లయి మార్కాపురం వచ్చిన కొత్తలోనే దానంతట అదే కుదిరిపోయింది. బేరమాడే ఆడవాళ్లు వీధిలో నుంచే నా గొంతు విని నేరుగా నా బల్ల దగ్గరికి వస్తారు. "ఈ రంగు ఉతికితే నిలుస్తాదా వదినా?" అని ఒకావిడ అంటే, "నీ మొగం చూసి వెలిగండ్ల నుంచి వచ్చినా అక్కా, తగ్గించకపోతే ఎట్ల?" అని ఇంకొకావిడ. వాళ్లతో అరగంట పోట్లాడి, టీ తాగించి, కోడళ్ల సంగతులన్నీ రాబట్టి, చివరికి చీర చేతిలో పెట్టి పంపుతాను.

మా ఆయన పద్ధతి వేరు. పుల్లలచెరువు వైపు నుంచి గొర్రెలు కాసుకునే ఇళ్ల ఆడవాళ్లు వస్తారు. వచ్చి స్తంభం పక్కన నిలబడతారు. ఏం కావాలమ్మా అని అడిగితే నేల చూస్తారు. మా ఆయన వాళ్లను ఏమీ అడగడు. మూడు చీరలు తీసి పరుపు మీద పెట్టి, అటు తిరిగి, అరలో ఎప్పుడో సర్దిన తానులనే మళ్లీ సర్దుతూ ఉంటాడు. కాసేపటికి ఒక చీర మీద చెయ్యి పడుతుంది. ఆయన వీపుకు కళ్లున్నాయేమో, సరిగ్గా అప్పుడే ఇటు తిరుగుతాడు. ఆయన దగ్గర కొనకుండా వెళ్లినవాళ్లను నేనైతే చూడలేదు. అయినా సరే, అది వ్యాపారం కాదు, బద్ధకం అని ఇన్నేళ్లూ ఆయన్ను దెప్పుతూనే వచ్చాను.

ఆ వేసవిలో ఒంగోలులో ఉండే మా అమ్మాయి తన ఇద్దరు ఆడపిల్లలను తెచ్చి సెలవులకు మా దగ్గర వదిలి వెళ్లింది. పెద్దదానికి పదేళ్లు. అది నా రక్తమే, అనుమానం అక్కర్లేదు. వచ్చిన రోజే, "ఎండలో బయటికి పోకుండా ఉంటే నాకేమిస్తావు అవ్వా?" అని బేరం పెట్టింది. రెండు పుల్లైసులంది. ఒకటన్నాను. ఒకటిన్నర దగ్గర తెగింది. మిగిలిన సగం నేను తిన్నాను.

చిన్నదానికి ఏడేళ్లు. పళ్లు తోముకునేటప్పుడు తప్ప దానికి నోరుందని తెలియదు. వంటింటి తలుపు పక్కన నిలబడి నన్నే చూస్తుంది. నేను చూస్తే నేల చూస్తుంది. బెల్లం కొట్టిన రాయి అంటారే, అదీ మా చిన్నది.

నాకు తెలిసిన విద్య ఒకటే, సరుకు విప్పి చూపించడం. గిరాకీ పలకకపోతే ఇంకో చీర విప్పాలి, అప్పటికీ పలకకపోతే ఇంకోటి. అదే మొదలుపెట్టాను. "మురుకులు తింటావా బంగారూ? వద్దా? నువ్వుండలు? అవీ వద్దా? పోనీ బొరుగుల ఉండ? గాజులు కావాల్నా? పట్టులంగా కుట్టిస్తా, ఏ రంగు కావాలో చెప్పు!" ఒక్కో ప్రశ్నకు ఒక్కో అడుగు వెనక్కి వేసి, చివరికి అది నీళ్ల డ్రమ్ము వెనక్కి చేరింది. అక్కడి నుంచి ఎందుకు రావో చెప్పమని మరికొన్ని ప్రశ్నలు వేశాను. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ అవ్వ అడిగి అడిగి పెడుతున్నా తీసుకునే దిక్కు లేదు.

అన్నం సగం వదిలేసేది. కంభం తీసుకెళ్లి చెరువు చూపించాను. ఆ చెరువు చూస్తే మూగవాడైనా అబ్బా అంటాడు. "ఎట్లుందే?" అని అడిగాను. "ఊ" అంది. తిరుగు ప్రయాణంలో పెద్దది బస్సులో ఉన్నవాళ్లందరికీ చెరువు గురించి చెప్పింది, వాళ్లంతా ఆ చెరువు దగ్గరే ఎక్కినవాళ్లయినా.

నా అసలు భయం గిద్దలూరు. అక్కడ ఉంటుంది మా వియ్యపురాలు, అంటే పిల్లల నాయనమ్మ. రోజు విడిచి రోజు ఫోన్ చేస్తుంది. "చిన్నది ఎట్లుంది వదినా? మా కాడైతే రెండు పూటలా నెయ్యేసుకొని తింటాది. నేను పక్కన లేంది నిద్రే పోదు!"

"ఇక్కడా అంతే వదినా, నన్ను వదిలి ఒక్క నిమిషం ఉండదు" అన్నాను.

"అబద్ధం!" అని పెద్దది పక్క నుంచి కేక పెట్టింది. దాని నోరు మూయించడానికి ఆ రోజు రెండు నిండు పుల్లైసులు ఖర్చయ్యాయి. అవి తినేసి కూడా సాయంత్రం ఫోన్లో వాళ్లమ్మకు అన్నీ చెప్పేసింది. చెల్లి తినడం లేదని, డ్రమ్ము వెనక కూర్చుంటోందని, అవ్వ అరుస్తోందని. నేనేం అరవలేదు. నా గొంతే అంత.

మా అమ్మాయి నాకు ఫోన్ చేసింది. "ఆదివారం వచ్చి చిన్నదాన్ని గిద్దలూరులో వదులుతా అమ్మా. ఆడైతే కుదురుగా ఉంటాది. నువ్వేం అనుకోవద్దు."

నేను అన్నీ అనుకున్నాను. వియ్యపురాలి ముందు తల కొట్టేసినట్టవుతుందన్నది ఒకటి, దాచుకోను. కానీ రాత్రి నిద్రలో ఆ పిల్ల చెయ్యి తగిలినప్పుడు, ఇది నా ఇంట్లో పరాయిదానిలా ఉండి వెళ్లిపోతోందే అని ఏడుపొచ్చింది. నాకు అది కావాలి. నోరున్నా లేకున్నా కావాలి.

మర్నాడు మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి డ్రమ్ము వెనక ఎవరూ లేరు. కంగారుగా ఇంటి ముందు గదిలోని దుకాణంలోకి వచ్చాను. పరుపు మీద ఈ చివర మా ఆయన అరల వైపు తిరిగి జాకెట్టు ముక్కలు మడుస్తున్నాడు. ఆ చివర చిన్నది ఆయన వైపు వీపు పెట్టి తనూ మడుస్తోంది, కాళ్లు బార్లా చాపుకుని, ఏదో కూనిరాగం తీస్తూ. పక్కన సగం కొరికిన మురుకు. అది వచ్చినప్పటి నుంచి నేను బతిమాలి పెట్టబోయిన మురుకే! నా కడుపు మండిపోయింది.

అది లోపలికి వెళ్లగానే ఆయన మీద పడ్డాను. "ఏం మందు పెట్టినారు దానికి?"

"ఏం పెట్టలే. నా పనిలో నేనుండా."

"ఏం మాట్లాడినారు?"

"ఏం మాట్లాడలే."

"మరి అదేం మాట్లాడింది?"

ఇంకో ముక్క మడిచి పక్కన పెట్టాడు. "అదీ మాట్లాడలే. బాగా పొద్దుపోయింది ఇద్దరికీ."

చిన్నది ఎవరి పోలిక అని అది పుట్టినప్పటి నుంచి మా రెండు వైపులా వాదన. మొండితనం గిద్దలూరుదని నేను, పెంకితనం మార్కాపురందని వాళ్లు. ఎదురుగా ఉన్న మనిషి ఎవరికీ తోచలేదు. తోచకపోవడంలో వింత లేదు, ఇంట్లో ఆయన ఉన్న సంగతే మాకెవరికీ తోచదు కదా. పిల్ల ఆయన వైపు గిరాకీ. నేనేమో నా బల్ల మీద కుప్పలు కుప్పలుగా విప్పుతున్నాను.

అలాగని గిరాకీని ఆయనకు వదిలేసే రకం కాదు నేను. శనివారం కంచంలో అన్నం, పప్పు, నెయ్యి వేసి వంటింట్లో పెట్టాను. పిలవలేదు. అటు తిరిగి కూర్చుని, ఏరేసిన బియ్యమే మళ్లీ ఏరడం మొదలుపెట్టాను. దేవుడా, ఆ యాతన పగవాళ్లకు కూడా వద్దు. కారం ఎక్కువైందా అని నాలుక చివరిదాకా వచ్చింది, మింగాను. ఇంకొంచెం నెయ్యి వెయ్యనా అని వచ్చింది, అదీ మింగాను. పెద్దది వచ్చి నా నుదురు పట్టుకుని, "జ్వరమొచ్చిందా అవ్వా?" అని అడిగింది. చేత్తోనే పొమ్మన్నాను.

వెనక కంచం జరిగిన చప్పుడు వినిపించింది. తర్వాత చాలాసేపు మెల్లగా నమిలే చప్పుడు. ఆ తర్వాత ఒక చిన్న వీపు వచ్చి నా వీపుకు ఆనింది. నేను కదల్లేదు. కళ్లలో నీళ్లు తిరిగి, చేటలో బియ్యం కనబడడం మానేశాయి.

ఆదివారం పొద్దున మా అమ్మాయి సంచి పట్టుకుని దిగింది. వియ్యపురాలికి అప్పటికే కబురు చెప్పేసిందట, అక్కడ బూరెలు కూడా వండుతున్నారట. దుకాణంలోనే నిలబడి చిన్నదాన్ని అడిగింది.

"పోదామా గిద్దలూరికి?"

చిన్నది నేల చూసింది. మా అమ్మాయికి అది సరే అన్నట్టు కనిపించింది. నాకు అలా కనిపించలేదు. కానీ ఇప్పుడు నేను నోరు తెరిచి, ఉంటావా, పోతావా, ఎందుకు పోతావు అని మొదలుపెడితే అది మళ్లీ డ్రమ్ము వెనక్కి పోతుంది. మా అమ్మాయి గౌన్లు సంచిలో సర్దుతోంది. నేను అరల వైపు తిరిగి ఒక తాను లాగి మడవడం మొదలుపెట్టాను. ఏం మడుస్తున్నానో నాకే తెలియలేదు. దుకాణంలో నా వీపు ఎప్పుడూ చూసి ఎరగని మా ఆయన గల్లా దగ్గర నుంచి లేచి నిలబడ్డాడు. నేను పెదవులు కుట్టేసినట్టు బిగించాను.

చిన్నది నా పక్కగా నడిచి వచ్చి, నాకూ అరలకూ మధ్య ఉన్న కాస్త సందులో దూరి, తలెత్తి నా మొహం చూసింది.

"నువ్వు మాట్లాడుకో అవ్వా. నేను వింటాలే. పోను" అంది.

దాన్ని ఎత్తుకుని, ఏడుస్తూనే మొదలుపెట్టాను. మా అమ్మాయి ఖాళీ సంచితో మధ్యాహ్నం బస్సెక్కేదాకా ఆపలేదు.